బాయిలర్‌కు రెండో జన్మ లేదు

కర్ర నిలబడింది. చప్పట్లు కొట్టండి.

ఓ చిన్న బండి, దాని మీద నిటారుగా ఓ కర్ర. బండిని అటూ ఇటూ జరుపుతూ కర్ర పడిపోకుండా కాయాలి. 1968లో డొనాల్డ్ మిచీ, చాంబర్స్ అనే ఇద్దరు ‘బాక్సెస్’ అనే ప్రోగ్రాంతో కంప్యూటర్‌కు ఈ విద్య నేర్పారు. 1983లో బార్టో, సటన్, ఆండర్సన్ అనే ముగ్గురు న్యూరాన్లను పోలిన రెండు భాగాలతో మళ్లీ నేర్పారు. అప్పట్లో అది ఘనకార్యమే. సూత్రం చెప్పలేదు, మోడల్ ఇవ్వలేదు. పడినప్పుడల్లా ‘తప్పు’ అని మాత్రం చెప్పారు. యంత్రం దానంతటది నేర్చుకుంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అనే ఈ దారి వేసినందుకు బార్టో, సటన్‌లకు 2024 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. న్యాయంగానే వచ్చింది.

నా పేచీ వాళ్లతో కాదు. ఆ కర్రను ఇవాళ్టిదాకా కింద పెట్టకుండా మోస్తున్నవాళ్లతో. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టులో కర్రే, అమీర్‌పేట కోర్సు ఆఖరి వారంలో కర్రే, స్టార్టప్ డెమోలో కర్రే. ఒకడు దానికి మూడు పొరల న్యూరల్ నెట్‌వర్క్ తొడుగుతాడు, ఇంకొకడు ఆరు పొరలు. గ్రాఫిక్స్ కార్డులు రాత్రంతా వేడెక్కుతాయి. తెల్లారేసరికి కర్ర నిలబడుతుంది, లింక్డ్‌ఇన్‌లో పోస్టు పడుతుంది.

ఆ కర్ర నిలబడటానికి నిజంగా ఏం కావాలో చెబుతాను, ఎవరితోనూ అనకండి. బండి ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, కర్ర ఎంత వంగింది, ఆ వంపు ఎంత వేగంగా మారుతోంది... ఈ నాలుగు అంకెల్ని నాలుగు స్థిరాంకాలతో గుణించి కూడితే చాలు, మోటారు ఎంత తొయ్యాలో వచ్చేస్తుంది. నాలుగు గుణకారాలు, మూడు కూడికలు. ఆ స్థిరాంకాలు రాబట్టే పద్ధతిని కాల్మన్ 1960లోనే కాగితం మీద పెట్టాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసేవాడికి పిచ్చుక ఎంతదో తెలీక కాదు. చూస్తున్న ఇన్వెస్టరుకు అస్త్రం కనపడాలి, అంతే.

ఇక్కడిదాకా ఎవరికీ నష్టం లేదు. కర్ర పడితే మళ్లీ లేపుకోవచ్చు. చిక్కల్లా ఆ కర్ర నిలబెట్టినవాడు ల్యాప్‌టాప్ పట్టుకుని పవర్ ప్లాంటు కంట్రోల్ రూమ్ గుమ్మంలోకి వచ్చినప్పుడు మొదలవుతుంది.

“మీ పిఐడి కంట్రోలర్ పాతబడిపోయింది సార్. తీసేసి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ఏజెంట్‌ను పెడదాం. అదే నేర్చుకుంటుంది” అంటాడు. ‘అదే నేర్చుకుంటుంది’ అన్న ముక్క మేనేజ్‌మెంట్ చెవికి సన్నాయిలా వినిపిస్తుంది. మనిషికి నేర్పాలంటే ట్రైనింగ్ ఇవ్వాలి, జీతం ఇవ్వాలి, పండక్కి సెలవివ్వాలి. వచ్చే ఏడాది అతనే పక్క ప్లాంటుకు వెళ్లిపోతాడు. ఏజెంట్‌కు ఆ గొడవలేవీ లేవు. అది తప్పులు మాత్రమే చేస్తుంది. వాటినే ‘అనుభవం’ అంటారట.

పాపం పిఐడి. ఎవరికీ కాని చుట్టం అది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు ఇనప గుండ్లు తగిలించి వేగాన్ని అదుపులో పెట్టాడు. అలాంటి గవర్నర్లు కొన్ని ఎందుకు ఊగిసలాడతాయో, కొన్ని ఎందుకు కుదురుగా ఉంటాయో 1868లో మాక్స్‌వెల్ లెక్కకట్టి చెప్పాడు. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ ఓడ చుక్కాని పట్టే మనిషి తీరును గమనించి మూడు ముక్కల్లో తేల్చాడు: ఇప్పుడు ఎంత తప్పామో చూడాలి, ఇప్పటిదాకా పేరుకున్న తప్పెంతో గుర్తుంచుకోవాలి, తప్పు ఎటు పోతోందో పసిగట్టాలి. పిఐడి అంటే ఆ మూడు ముక్కలే. ఆ మూడు అంకెల్ని ఫ్యాక్టరీలో ఎలా సరిచేసుకోవాలో 1942లో జీగ్లర్, నికోల్స్ రాసిపెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచంలో పరిశ్రమల్లోని కంట్రోల్ లూపుల్లో అత్యధిక భాగం పిఐడి చేతిలోనే ఉంది. పిఐడి ఆఫీసులో పాత గుమస్తా లాంటిది. ఏ ఫైలు ఎక్కడుందో తనకే తెలుసు, శాలువా మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన ఆఫీసరుకు కప్పుతారు.

సరే, కొత్త ఆఫీసరు గారు పనెలా చేస్తారో చూద్దాం. వారికి పని చెప్పే తీరే వేరు. ఇలా చెయ్యి, అలా చెయ్యొద్దు అని చెప్పనక్కర్లేదు. మార్కులు వేస్తే చాలు. మార్కులు ఎక్కువ ఎలా వస్తాయో వారే కనిపెడతారు. మార్కుల కోసం చదివేవాడు పాఠం నేర్చుకుంటాడా, మార్కులు తెచ్చుకోవడం నేర్చుకుంటాడా అన్నది కార్పొరేట్ కాలేజీలకు పిల్లల్ని పంపిన తెలుగు తల్లిదండ్రులకు నేను చెప్పాలా? 2016లో ఓపెన్‌ఏఐ వాళ్లు ఒక పడవ పందెం ఆటను ఇలాగే ఏజెంట్‌కు అప్పజెప్పారు. ఆ ఆటలో పాయింట్లు పందెం పూర్తి చేసినందుకు కాక, దారిలో గురులను కొట్టినందుకు వస్తాయి. ఏజెంట్ పందెం సంగతే మరిచిపోయింది. ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే అవే మూడు గురుల్ని కొడుతూ, వేరే పడవలను గుద్దుకుంటూ, మంటలంటుకున్నా లెక్కచెయ్యక, మనుషుల కంటే సగటున 20 శాతం ఎక్కువ స్కోరు చేసింది. గమ్యం చేరలేదు, ర్యాంకు మాత్రం వచ్చింది. దీన్ని దాచిపెట్టకుండా బయటపెట్టింది వాళ్లే, అందుకు మెచ్చుకోవాలి. కంట్రోల్ రూమ్‌కు వచ్చే అమ్మకందారు పీపీటీలో మాత్రం ఆ పడవ ఎక్కడా కనపడదు.

ఇప్పుడు మన బాయిలర్ దగ్గరికి రండి. రామగుండంలోనైనా, ఇబ్రహీంపట్నంలోనైనా షిఫ్ట్ ఇంజినీరు కంటి మీద కునుకు లేకుండా కాచేది డ్రమ్ లెవెల్. నీళ్లు తగ్గితే ట్యూబులు కాలిపోతాయి, పెరిగితే ఆవిరితో పాటు నీళ్లు టర్బైన్‌లోకి పోయి బ్లేడ్లకు చేటు. సగంలో ఉంచాలి. వినడానికి కర్ర కంటే సులువు.

ఇందులో ఒక మాయ ఉంది. లోడ్ ఒక్కసారిగా పెరిగిందనుకోండి. ఆవిరి ఎక్కువగా లాగుతారు, డ్రమ్‌లో ప్రెషర్ పడిపోతుంది, నీళ్లలోని బుడగలు ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు లెవెల్ పైకి లేస్తుంది. డ్రమ్‌లో నీళ్లు తరిగిపోతుంటే గేజ్ మాత్రం పెరిగాయని చెబుతుంది. గేజ్‌ను నమ్మి ఫీడ్ వాటర్ తగ్గించారో, బుడగలు అణిగాక లెవెల్ పాతాళానికి పోతుంది. బాయిలర్ మనుషులు దీన్ని ‘ష్రింక్ అండ్ స్వెల్’ అంటారు. దీనికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. లెవెల్ ఒక్కటే చూడకుండా ఆవిరి ఎంత పోతోంది, నీళ్లు ఎంత వస్తున్నాయి అన్నవి కూడా కొలిచి, పోయినంత నీటిని ముందే పంపుతారు. ‘త్రీ ఎలిమెంట్ కంట్రోల్’ అనే ఈ పద్ధతిలో న్యూరాన్ ఒక్కటీ లేదు. బాయిలర్ గురించి తెలిసినవాళ్ల బుర్ర మాత్రం ఉంది.

“మా ఏజెంట్ కూడా ఇది నేర్చుకుంటుంది సార్” అంటాడు మన కుర్రాడు.

“నేర్చుకుంటుంది బాబూ, కాదన్నదెవరు? ఎన్ని బాయిలర్ల తర్వాత?” అంటాడు ముప్ఫై ఏళ్లుగా అదే కుర్చీలో కూర్చున్న ఆపరేటరు.

ఈ వ్యాపారమంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నీళ్లు నములుతుంది. తప్పు చేసి నేర్చుకోవడం గొప్ప గుణమే. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ఎవరన్నదే ప్రశ్న. కంప్యూటర్ ఆటలో ఏజెంట్ లక్షసార్లు చచ్చి, లక్షసార్లు లేస్తుంది. బాయిలర్ ఒక్కసారే పోతుంది. దాని పక్కన నిలబడ్డ మనిషీ ఒక్కసారే పోతాడు.

“అయ్యో, ప్లాంటు మీద ఎందుకు సార్! ముందు సిమ్యులేటర్‌లో నేర్పి తెస్తాం” అన్నది రెండో మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, వీళ్లు ఇంట్లో గెలుపుకే ఊరంతా ఊరేగింపు తీస్తారు. 2019లో ఓపెన్‌ఏఐ వాళ్లే ఒక రోబో చేతికి రూబిక్ క్యూబును ఒంటిచేత్తో తిప్పడం నేర్పారు. సిమ్యులేటర్‌లో ఆ చేయి మొత్తం మీద 13,000 ఏళ్ల అనుభవం గడించింది. బయటికి వచ్చాక, బాగా కలిపేసిన క్యూబును పూర్తిచేసింది పదింట రెండుసార్లు. పైగా ఏ ముఖం ఎటు తిప్పాలో ఆలోచించింది ఆ నెట్‌వర్క్ కాదు, ఎప్పటినుంచో ఉన్న మామూలు అల్గారిథమ్. నెట్‌వర్క్ చేసింది వేళ్లు కదపడం. అది నిజంగానే కష్టమైన పని, దాన్ని చేసి చూపడం నిజంగానే గొప్ప. కానీ 13,000 ఏళ్లు చదివి 20 శాతం తెచ్చుకున్న కుర్రాడికి మన జేఎన్‌టీయూ సప్లిమెంటరీ ఫీజు కట్టమంటుంది, ప్లాంటు తాళాలు ఇవ్వదు. ఆ రోబోటిక్స్ బృందాన్ని ఆ సంస్థే ఎత్తేసిందని 2021లో బయటపడింది.

సిమ్యులేటర్ వాదంలో ఇంకో మెలిక ఉంది. నా బాయిలర్‌ను అచ్చుగుద్దినట్టు చూపే మోడల్ నీ దగ్గర ఉందంటే, ఆ మోడల్‌ను నేరుగా వాడుకునే విద్య రిఫైనరీల్లో 1970ల నుంచే ఉంది. దాన్ని మోడల్ ప్రిడిక్టివ్ కంట్రోల్ అంటారు. కాసేపటి తర్వాత ఏం జరుగుతుందో ముందే లెక్కవేసి, ఏ హద్దూ దాటకుండా వాల్వులు తిప్పుతుంది. అంత నమ్మకమైన మోడల్ లేదంటావా, మరి నీ ఏజెంట్ నేర్చుకున్నది ఏ బాయిలర్ గురించి? చాలా ప్లాంట్లలో ఈ రెండు ప్రశ్నల మధ్యే పవర్‌పాయింట్ ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే అప్పటికి లంచ్ టైమవుతుంది.

పరిశోధకుల్లో నిజాయితీపరులు లేక కాదు. ఒకే అల్గారిథమ్, ఒకే సమస్య, మొదట్లో వేసే యాదృచ్ఛిక అంకె మాత్రం మార్చితే ఫలితాలు ఎంత తలకిందులవుతాయో 2017లో పీటర్ హెండర్సన్ బృందం చూపింది. మరుసటి ఏడు బర్క్‌లీ నుంచి మానియా, గై, రెక్ట్ ఇంకా పెద్ద బాంబు వేశారు. రోబో బొమ్మల్ని నడిపించే పేరుమోసిన పరీక్షల్లో లోతైన నెట్‌వర్కులు నానా పాట్లు పడి తెచ్చే ఫలితాలను, పొరలే లేని సాదా లీనియర్ పాలసీ ఒకటి తీసుకుని, దాని అంకెల్ని గుడ్డిగా అటూ ఇటూ కదిపి చూసే పద్ధతితోనే దాదాపు సాధించొచ్చని నిరూపించారు. ఇలాంటి పేపర్లు వచ్చినప్పుడు ఏ కంపెనీ ప్రెస్‌మీట్ పెట్టలేదు.

మరి ఈ విద్యతో ఎక్కడా మేలు జరగలేదా? జరిగింది. గూగుల్ డేటా సెంటర్లను చల్లబరిచే కరెంటును 40 శాతం దాకా తగ్గించానని డీప్‌మైండ్ 2016లో ప్రకటించింది. 2022లో స్విట్జర్లాండ్‌లోని టీసీవీ టోకమాక్ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రంలో, 19 అయస్కాంత చుట్టలను ఒకేసారి నడుపుతూ కోట్ల డిగ్రీల ప్లాస్మాను కోరిన ఆకారంలో నిలిపిన కంట్రోలర్ కూడా వాళ్లదే. అదే ఏడు జపాన్‌లో యొకోగావా సంస్థ జేఎస్ఆర్ రసాయన ప్లాంటులో ఓ డిస్టిలేషన్ కాలమ్‌ను 35 రోజులు అచ్చంగా ఏఐ చేతికి ఇచ్చి నడిపింది. అప్పటిదాకా అది పిఐడికి లొంగకపోవడంతో మనుషులే దాన్ని చేత్తో నడిపేవారు. ఈ మూడూ నిజమైన విజయాలే. వీటిని కాదనేవాడు ఒట్టి ఛాందసుడు.

అయితే ఆ విజయాల వెనక ఏముందో కూడా చదవండి. 2018లో డేటా సెంటర్‌ను ఏఐ నేరుగా నడపడం మొదలుపెట్టినప్పుడు, అది పంపిన ప్రతి ఆదేశాన్నీ అక్కడి పాత కంట్రోల్ సిస్టమ్ మళ్లీ తనిఖీ చేసేది. హద్దులు ఆపరేటర్లు గీశారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఏఐని పక్కకు తప్పించే బటన్ వాళ్ల చేతిలోనే ఉంది. టోకమాక్‌కు దశాబ్దాల భౌతికశాస్త్రంతో కట్టిన సిమ్యులేటర్ ఉంది. పైగా అక్కడ ప్లాస్మా చేజారితే ఆ ప్రయోగం ఆగుతుంది, ఊరు ఖాళీ చెయ్యనక్కర్లేదు. జపాన్‌లో ఎవరూ పిఐడిని పీకెయ్యలేదు. పిఐడి చెయ్యలేని చోటు వెతికి మరీ, ప్లాంటు రక్షణ వ్యవస్థల నడుమ ఏఐని కూర్చోబెట్టారు. అలాగే 2023లో జూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ల ఏఐ డ్రోన్ పందెంలో మనిషి ఛాంపియన్లను ఓడించింది. దాని చూపు, శిక్షణలో చూసిన పరిసరాలు మారకపోతేనే నమ్మదగ్గదని దాన్ని తయారుచేసినవాళ్లే రాసుకున్నారు. మూలపురుషులు షరతులన్నీ రాసిపెట్టారు. మన వ్యాపారులు షరతులున్న పేజీలు చింపేసి అట్ట మాత్రం తెచ్చారు.

షరతులు లేకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో చరిత్ర ఒకసారి చెప్పింది. పరిస్థితికి తగ్గట్టు తనను తాను మార్చుకునే కంట్రోలర్ మొన్న పుట్టింది కాదు. అమెరికా ఎక్స్-15 రాకెట్ విమానానికి 1960ల్లోనే ఎంహెచ్-96 అనే అలాంటి వ్యవస్థ ఉండేది. 1967 నవంబరు 15న మైఖేల్ ఆడమ్స్ దాన్ని 80 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. విద్యుత్ అంతరాయాలు వచ్చాయి, విమానం దిశ తప్పింది, ధ్వనికి అయిదు రెట్ల వేగంలో గిరికీలు కొట్టింది. ఆ గిరికీల నుంచి అతను బయటపడ్డాడు కూడా. తీరా కిందికి దిగుతుంటే, గాలి చిక్కబడే కొద్దీ తగ్గాల్సిన కంట్రోలర్ దూకుడు తగ్గలేదు. విమానం ముక్కు పైకీ కిందికీ కొట్టుకుంది, గాల్లోనే ముక్కలైంది. ఆడమ్స్ చనిపోయాడు. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆఖరి నిమిషంలో, తనను తాను దిద్దుకుంటుందని నమ్మిన వ్యవస్థ దిద్దుకోలేదు. ఇంజినీర్లు ఆనాటి నుంచి స్థిరత్వానికి రుజువు చూపమని అడుగుతున్నది ఊరికే కాదు. ఆ రుజువు ఎలా రాయాలో ల్యాపునోవ్ 1892లోనే చూపాడు. న్యూరల్ నెట్‌వర్క్ వాళ్లలో కొందరు ఆ బాటలోనే గట్టిగా పనిచేస్తున్నారు. మన కుర్రాడిని ల్యాపునోవ్ గురించి అడిగితే మాత్రం, “అది ఏ లైబ్రరీలో ఉంది సార్?” అంటాడు.

ఇక మన ఇంటి సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కదలక పడి ఉన్న ట్యాంకులో స్టైరీన్ లోలోపలే వేడెక్కింది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చూడండి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగు భాగంలోనే. పైన ఎంత మండుతోందో చెప్పే సాధనమే లేదు. ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. అక్కడ లోటు పడింది న్యూరల్ నెట్‌వర్క్ కాదు, పైభాగంలో ఒక థర్మామీటరు. లోటు పడింది డీప్ లెర్నింగ్ కాదు, సైరన్ మీట నొక్కే వేలు. పైన సెన్సారే లేని ట్యాంకుకు ప్రపంచంలోకెల్లా తెలివైన ఏజెంట్‌ను తగిలించినా, అది కిందున్న అంకె చూసి తనకు తాను ఫుల్ మార్కులు వేసుకునేది.

మన ఫ్యాక్టరీల్లో నిజంగా జరుగుతున్నదేంటో షిఫ్ట్‌లో ఉన్నవాళ్లను అడగండి. వాల్వ్ జామైంది, స్పేర్ రాలేదు, అందుకే లూప్‌ను మాన్యువల్‌లో పెట్టారు. ట్రాన్స్‌మిటర్ క్యాలిబ్రేషన్ వాయిదా పడింది. ఒకే షిఫ్ట్‌లో వందల అలారాలు మోగుతాయి, అందుకే దేన్నీ ఎవరూ పట్టించుకోరు. ఇంటర్‌లాక్‌ను ‘తాత్కాలికంగా’ బైపాస్ చేశారు, ఆ తాత్కాలికం పాతుకుపోయి కూర్చుంది. ఈ బాగుచేతలకు బడ్జెట్ లేదు. ‘ఏఐ ఆధారిత ఆటోనమస్ ప్లాంటు’ పైలట్ ప్రాజెక్టుకు ఉంది. ఆ పైలట్ ప్రాజెక్టును కూడా చివరికి వాల్వ్ జామై ఉన్న ఆ లూప్ మీదే పెడతారు. ఏజెంట్ చెప్పినా వాల్వ్ కదలదు. అప్పుడు రిపోర్టులో ‘డేటా నాణ్యత సరిగా లేదు’ అని రాసి రెండో విడత నిధులు అడుగుతారు.

కాబట్టి ప్లాంట్ మేనేజర్లకు, ఛీఫ్ ఇంజినీర్లకు, ఇలాంటి ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు ఒక మనవి. రేపు ఎవరైనా నేర్చుకునే కంట్రోలర్ అమ్మడానికి వస్తే గౌరవంగా కూర్చోబెట్టండి. నాలుగే నాలుగు ప్రశ్నలు అడగండి. బాగా ట్యూన్ చేసిన పిఐడి ఇక్కడ ఎందుకు చాలదు? నువ్వు మార్కులు దేనికి వేస్తున్నావు, దేనికి వెయ్యడం మరిచిపోయావు? నీ ఏజెంట్ తప్పు చేస్తే దాన్ని ఆపే ఇంటర్‌లాక్ దాని చేతికి అందని చోట ఉందా? ప్రమాదం జరిగితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ముందు సంతకం పెట్టేది ఎవరు?

నాలుగింటికీ జవాబు చెప్పగలిగినవాడు దొరికితే వదులుకోకండి. అలాంటివాళ్లున్నారు, వాళ్ల పని వల్ల బొగ్గూ మిగులుతుంది, కరెంటూ మిగులుతుంది. చెప్పలేనివాడికి మంచి టీ ఇప్పించి, కర్రా బండీ అతనికే అప్పజెప్పి, గేటు దాకా సాగనంపండి. వచ్చేటప్పుడు ఆ జామైన వాల్వ్‌కు స్పేర్ ఆర్డర్ పెట్టండి.